మిసెస్ సిడన్స్ బొమ్మ, గీసింది జాన్ డౌన్‌మాన్ (1787): ఇందులో మహానటి ఎక్కడ?

బొగ్గుపుల్ల:
అందరికీ నమస్కారం. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో పాత చాక్ డ్రాయింగులు తిరగేస్తుంటే ఇది కంటబడింది. సారా సిడన్స్, గీసింది జాన్ డౌన్‌మాన్, 1787. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు రంగస్థల మహానటి, ఆవిడ పేరు వినని నాటకాల వాళ్లుండరు. చిత్రకారుడు రేనాల్డ్స్ 1784లో వేసిన ఆవిడ ఆయిల్ పెయింటింగ్ చాలామంది చూసే ఉంటారు. సింహాసనం మీద విషాద దేవతలా కూర్చుని ఉంటుంది, వెనక చీకట్లో ఒకరు బాకు, ఒకరు గిన్నె పట్టుకుని నిలబడి ఉంటారు. చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత డౌన్‌మాన్ బొమ్మ చూస్తే చప్పగా అనిపించింది. మెత్తటి చాక్, లేత బుగ్గలు, ఆ కాలపు ఉబ్బెత్తు జుట్టు. ఏ జమీందారు గారి అమ్మాయో అనుకుంటాం. లేడీ మాక్‌బెత్ వేసి జనాన్ని మూర్ఛపోయేలా చేసిన మనిషి ఈవిడేనా? అసలు ఈ డౌన్‌మాన్ ఎవరు? రెండో ప్రశ్న, బుగ్గల మీద ఆ ఎరుపు ఎలా పెట్టాడు? ఎంత జూమ్ చేసినా పైన రంగు పూసిన గీత కనపడటం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

తెరవెనుక:
చిత్రకళ నాకు తెలీదు, నాటకం సంగతి చెప్తాను.

సిడన్స్ 1755లో వేల్స్‌లోని బ్రెకన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు ఊరూరా తిరిగే కెంబుల్ నాటక బృందం నడిపేవాళ్లు. మన సురభి వాళ్లలాగే పుట్టుకే స్టేజి మీద అనుకోండి. 1775 చివర్లో గారిక్ అనే పేరున్న నటుడు పిలిస్తే లండన్‌లో ఆయన నడిపే డ్రూరీ లేన్ థియేటర్‌కి వచ్చింది, ఘోరంగా ఫెయిలైంది. మళ్లీ పిలవలేదు. ఊళ్లు పట్టుకుని తిరిగి, బాత్ పట్టణంలో 1778 నుంచి నాలుగేళ్లు వేసి, 1782 అక్టోబర్ 10న అదే డ్రూరీ లేన్‌లో 'ఇసబెల్లా'గా దిగింది. ఆ రాత్రితో లండన్ ఆవిడ కాళ్ల దగ్గర పడింది.

1785 ఫిబ్రవరిలో లేడీ మాక్‌బెత్. నిద్రలో నడిచే సీనులో అప్పటిదాకా నటీమణులంతా దీపం చేత్తో పట్టుకునే ఉండేవాళ్లు. ఈవిడ దీపాన్ని కింద పెట్టేసి రెండు చేతులూ కడుక్కుంటున్నట్టు చేస్తానంది. థియేటర్ యజమాని షెరిడాన్ వద్దని బతిమాలాడు, జనం ఒప్పుకోరని. పెట్టేసింది. ఒప్పుకున్నారు! 1812లో ఆఖరి ప్రదర్శన కూడా లేడీ మాక్‌బెత్తే. ఆ సీను అవగానే జనం ఇక ముందుకు సాగనివ్వలేదు, నాటకం అక్కడితో ఆపించేశారు.

కాబట్టి బొగ్గుపుల్ల గారూ, మీరు చూస్తున్న బొమ్మ ఆవిడ పేరు పీక్‌లో ఉన్నప్పటిది. వయసు 31, 32. అప్పటికే పిల్లల తల్లి. లేడీ మాక్‌బెత్ మొదటిసారి వేసిన ఏడాదే డిసెంబర్‌లో జార్జ్ అనే కొడుకు పుట్టాడు. అంటే ఆ ఏడాది చాలా భాగం కడుపుతోనే స్టేజి ఎక్కింది. ఆ అలసట ఒక్కటీ ఈ బొమ్మలో లేదు, అదే నాకు ఆశ్చర్యం.

డ్రాయింగ్ మాస్టారు:
ఎరుపు సంగతి నేను చెప్తాను. ఆ రంగు కాగితం పైన లేదు, వెనక ఉంది.

డౌన్‌మాన్ వాడింది పల్చటి, నాణ్యమైన కాగితం. ముందు నల్ల చాక్‌తో గీస్తాడు. తర్వాత స్టంప్‌తో, అంటే చుట్టిన కాగితమో తోలో ఉంటుందే దాంతో, నీడల్ని రుద్ది మెత్తబరుస్తాడు. బుగ్గలు, పెదాలు వచ్చేచోట కాగితాన్ని తిరగేసి వెనకనుంచి రంగు పెడతాడు. కాగితం పల్చన కాబట్టి ముందువైపుకి లేతగా ఊరుతుంది. అందుకే మీకు పూసిన గీత కనపడలేదు. చర్మం కింద రక్తం ఎలా కనిపిస్తుందో అలా కనిపిస్తుంది. ముఖం మీద రంగు పూస్తే మేకప్ అవుతుంది, వెనకనుంచి పెడితే ఒంటి రంగు అవుతుంది. ఈ చిన్న కిటుకు మీదే ఆయన వ్యాపారం నడిచింది అన్నా తప్పులేదు.

ఆయన వివరాలు కొంచెం. వేల్స్‌లో రువాబన్ దగ్గరివాడు, సుమారు 1750లో పుట్టాడు. అమెరికా నుంచి లండన్ వచ్చి స్థిరపడ్డ బెంజమిన్ వెస్ట్ దగ్గర శిష్యరికం. 1769లో లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ స్కూల్లో చేరాడు, అకాడమీ అప్పుడప్పుడే పెట్టారు. 1773లో జోసెఫ్ రైట్ ఆఫ్ డెర్బీతో కలిసి ఇటలీ ప్రయాణం. వెనక్కొచ్చాక చిన్న ఓవల్ పోర్ట్రెయిట్లు మొదలెట్టాడు, అవి విపరీతంగా ఆడాయి. 1795లో అకాడమీ అసోసియేట్ అయ్యాడు, పూర్తి సభ్యత్వం మాత్రం ఎప్పటికీ ఇవ్వలేదు. 1824లో రెక్సమ్‌లో పోయాడు.

ఇంకో అలవాటు ఉంది. ఎవరి బొమ్మ గీసినా మొదటి స్టడీ, అంటే మనిషిని చూసి గీసిన తొలి బొమ్మ, తన దగ్గరే అట్టిపెట్టుకునేవాడు. దాన్ని చూసి గీసిన కాపీ గిరాకీకి ఇచ్చేవాడు. ఆ స్టడీలన్నీ తనే ఆల్బమ్‌లుగా కుట్టి, ఎవరు ఎవరో పక్కన రాసుకున్నాడు. అందుకే కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియం మ్యూజియంలో, బ్రిటిష్ మ్యూజియంలో ఇవాళ అన్ని దొరుకుతున్నాయి.

బొగ్గుపుల్ల:
మాస్టారూ, ఇది అద్భుతం. ఇవాళ మన దగ్గర దొరికే ఏ కాగితం మీద ఇది కుదురుతుంది?

డ్రాయింగ్ మాస్టారు:
మామూలు కార్ట్రిడ్జ్ షీటు పనికిరాదు, మందం. గాజు మీద పెట్టి వెనక లైటు వేసి చూడండి, మీ వేలి నీడ స్పష్టంగా కనపడే కాగితం తీసుకోండి. జపాన్ కోజో కాగితం ఆర్ట్ షాపుల్లో దొరుకుతుంది, అది బాగుంటుంది. వెనక నీళ్ల రంగు పెట్టేటప్పుడు కుంచె దాదాపు పొడిగా ఉండాలి, లేకపోతే కాగితం ముడత పడి ముందువైపు చాక్ చెదిరిపోతుంది. ఫిక్సేటివ్, అంటే చాక్ రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, చివర్లో, చాలా తక్కువ.

నిక్కచ్చి:
కిటుకు సరే, కళ సంగతి? నేను ఇంటర్నెట్‌లో దొరికిన డౌన్‌మాన్ బొమ్మలన్నీ వరసగా చూశాను. అన్నీ ఒకే అచ్చు. అదే ఓవల్, అదే గాలికి లేచిన జుట్టు, అవే తడి కళ్లు. డచెస్ అయినా నటి అయినా వకీలు గారి భార్య అయినా ఒకే అమ్మ కడుపున పుట్టినట్టుంటారు. మనిషిని చూసి గీసినట్టు లేదు, ముందే ఒక ముఖం తయారుచేసుకుని అందరికీ తొడిగినట్టుంది. ఇప్పటి ఫోన్ కెమెరాల్లో బ్యూటీ ఫిల్టర్ ఏం చేస్తోందో ఆయన చాక్‌తో అదే చేశాడు.

సిడన్స్‌కి పెద్ద ముక్కు ఉండేది. గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు 1785లో ఆవిడ బొమ్మ వేస్తూ 'ఈ ముక్కుకి అంతే లేదా' అని విసుక్కున్నాడని కథ ఉంది. విసుక్కున్నా వేశాడు. నేషనల్ గ్యాలరీలో చూడండి, ఆ ముక్కు ఎంత ఠీవిగా ఉంటుందో. డౌన్‌మాన్ చేతిలో ముక్కు కూడా వినయం నేర్చుకుంది.

తెరవెనుక:
హహ. ముక్కు వినయం నేర్చుకోవడం బాగుంది. కానీ నిక్కచ్చి గారూ, గెయిన్స్‌బరో కూడా ఆవిణ్ణి నటిగా వేయలేదు కదా. నల్ల టోపీ, నీలం చారల గౌను, చలికి చేతులు దూర్చుకునే బొచ్చు మఫ్. వీధిలో ఎదురైన దొరసానిలాగే ఉంటుంది. రేనాల్డ్స్ ఒక్కడే పాత్రలోకి దించాడు. మరి డౌన్‌మాన్‌ని ఒక్కణ్ణే ఎందుకు తప్పుపట్టాలి?

నిక్కచ్చి:
గెయిన్స్‌బరో బొమ్మలో దొరసాని వేషం కూడా ఒక పాత్రే. ఆవిడ దాన్ని వేస్తున్నట్టు తెలుస్తుంది. ఇందులో ఆవిడ ఎవరూ కాదు. నా అభ్యంతరం అదీ.

థేమ్స్ గట్టు:
కొంచెం ఆలస్యంగా వచ్చాను. మీరంతా ఒక ముఖ్యమైన సంగతి వదిలేస్తున్నారు. 1787 అనే ఏడాది ఊరికే పడలేదు. ఆ బొమ్మ గోడకి తగిలించుకోవడానికి కాదు, స్టేజి మీద సెట్‌లో పెట్టడానికి.

కథ ఇదీ. రిచ్‌మండ్ డ్యూక్‌కి లండన్ వైట్‌హాల్‌లో పెద్ద భవంతి ఉండేది. నాటకాల పిచ్చితో అందులో సొంత థియేటర్ కట్టించాడు, ఆర్కిటెక్ట్ జేమ్స్ వయట్. 1787 వసంతంలో అక్కడ ఆర్థర్ మర్ఫీ రాసిన 'ద వే టు కీప్ హిమ్' అనే కామెడీ వేశారు. మొగుణ్ణి చేజారకుండా ఎలా కాపాడుకోవాలి అన్నది కథ. వేసింది జీతం తీసుకునే నటులు కాదు, దొరలూ దొరసానులే. ఎర్ల్ ఆఫ్ డెర్బీ ఉన్నాడు, శిల్పి ఆన్ డేమర్ ఉంది. ఊరంతా టికెట్ల కోసం కొట్టుకుంది. సభ్యులు నాటకం చూడటానికి వెళ్లాలని పార్లమెంటులో ఒక పనిని వాయిదా వేశారని కూడా చెప్పుకుంటారు.

అందులో డ్రాయింగ్ రూమ్ సీనుకి గోడల మీద అందగత్తెల బొమ్మలు కావాలి. ఉత్తుత్తి బొమ్మలు పెడితే డ్యూక్ గారి పరువేం కావాలి? డౌన్‌మాన్‌ని పిలిపించి నిజమైన ఆడవాళ్ల బొమ్మలు గీయించారు. డెవన్‌షైర్ డచెస్ జార్జియానా, ఆవిడ చెల్లెలు లేడీ డంకనన్, లేడీ ఎలిజబెత్ ఫాస్టర్. వాళ్ల పక్కన ఇద్దరు నటీమణులు. ఒకరు ఎలిజబెత్ ఫారెన్, రెండో ఆవిడ మన సిడన్స్.

ఇప్పుడు మళ్లీ ఆ బొమ్మ చూడండి.

బొగ్గుపుల్ల:
అంటే దొరలు స్టేజి మీద నటిస్తున్నారు, దేశంలోకెల్లా గొప్ప నటి వెనక గోడ మీద బొమ్మయి వేలాడుతోందా!!

థేమ్స్ గట్టు:
అవునండి, సరిగ్గా అదే. పైగా ఫారెన్ ఆ దొరలకి రిహార్సల్స్‌లో నటన నేర్పించింది. నేర్పిన గురువు గోడ మీద, శిష్యులు స్టేజి మీద.

పాత కాపు:
నిక్కచ్చి గారు అడిగినదానికి జవాబు ఇందులోనే ఉంది కదా. అందరూ ఒకేలా ఎందుకున్నారంటే, ఒకే గోడ మీద వరసగా ఉండాలి కాబట్టి. ఒకటి విషాద దేవత, ఒకటి డచెస్ అంటే సెట్ అతకదు. నేను పరిషత్ నాటకాలకి సెట్లు వేసినవాణ్ణి. వెనక గోడ మీద ఉన్న ఫోటో ముందున్న నటుడి కంటే ఎక్కువ చూపు లాగితే డైరెక్టర్ చంపేస్తాడు. సిడన్స్ తన పూర్తి శక్తితో ఆ గోడ మీద ఉంటే ఎర్ల్ గారి డైలాగ్ ఎవడు వింటాడు?

నిక్కచ్చి:
సెట్‌కి అవసరం అన్నది ఒప్పుకుంటాను. కానీ సెట్‌తో సంబంధం లేని మిగతా వందల బొమ్మలు కూడా అలాగే ఉన్నాయే, వాటికేం చెప్తారు? సాకు కుదిరింది అంతే.

మలక్‌పేట్ భాయ్:
ఒక్క నిమిషం. ఈ ఎర్ల్ ఆఫ్ డెర్బీ అంటే గుర్రాల డెర్బీయేనా? మా మలక్‌పేట్ రేస్ కోర్సులో ఏటా దక్కన్ డెర్బీ అయితది, ఆ డెర్బీ?

థేమ్స్ గట్టు:
ఆయనే భాయ్. పన్నెండో ఎర్ల్. ఎప్సమ్‌లో 1780లో మొదటి డెర్బీ పందెం ఆయన పేరు మీదే జరిగింది. హైదరాబాద్ దాకా వచ్చింది ఆ పేరు.

ఈయనకి ఫారెన్ అంటే ప్రాణం. కానీ పెళ్లయినవాడు, భార్య వేరుగా ఉంటోంది. ఫారెన్ చాలా జాగ్రత్త మనిషి, ఆయన్ని కలిసినప్పుడు తల్లి పక్కన ఉండాల్సిందే. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. 1797 మార్చిలో భార్య పోయింది. ఏప్రిల్ 8న ఫారెన్ డ్రూరీ లేన్‌లో ఆఖరిసారి లేడీ టీజిల్ వేషం వేసింది. మే 1న పెళ్లి. దాంతో ఆవిడ కౌంటెస్ ఆఫ్ డెర్బీ.

మలక్‌పేట్ భాయ్:
పెండ్లాం పోయిన రెండు నెలలకే! గుర్రం కన్నా స్పీడున్నడు.

వెన్నెల గది:
ఫారెన్ మాట వచ్చింది కాబట్టి. థామస్ లారెన్స్ వేసిన ఆవిడ నిలువెత్తు పెయింటింగ్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మా ఊరి నుంచి రైలెక్కితే అయిపోతుంది, వీలైనప్పుడల్లా వెళ్లి చూస్తాను. ఎండాకాలం పచ్చిక మీద తెల్లటి సిల్కు, బొచ్చు అంచుతో నడిచి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తుంది. 1790లో రాయల్ అకాడమీలో పెట్టినప్పుడు కేటలాగులో ఆవిడ పేరు వేయలేదు, 'ఒక నటి చిత్రం' అని వేశారు. ఫారెన్‌కి బాగా మంట పుట్టింది. పెద్దింటి వాళ్ల బొమ్మలకి 'లేడీ' అని వేస్తారు, తనకి మాత్రం వృత్తి పేరా అని. ఇంకా, జనం మరీ సన్నగా ఉందంటున్నారు, కాస్త లావు చేయమని లారెన్స్‌కి ఉత్తరం రాసింది. లారెన్స్‌కి అప్పుడు 20, 21 ఏళ్లు.

దీన్ని బట్టి ఆలోచిస్తే డౌన్‌మాన్ బొమ్మ మీద నా అభిప్రాయం మారుతోంది. డచెస్ పక్కన డచెస్ లాగే గీయడం ఆ నటీమణులకి అవమానం కాకపోవచ్చు. వాళ్లు కోరుకున్నదే అది కావచ్చు.

తెరవెనుక:
వెన్నెల గది గారు చెప్పింది బలమైన పాయింట్. దానికి చట్టం వైపు నుంచి ఒకటి కలుపుతాను. 1737 లైసెన్సింగ్ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా డబ్బు తీసుకుని నాటకం వేసేవాళ్లు దేశదిమ్మరుల కింద లెక్క. రాజు గారి పేటెంట్, అంటే అనుమతి పత్రం, ఉన్న డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ లాంటి చోట్ల వేసేవాళ్లకే రక్షణ. సిడన్స్ తల్లిదండ్రులు ఊరూరా తిరిగి వేసినంతకాలం తల మీద ఆ కత్తి ఉన్నట్టే. రిచ్‌మండ్ డ్యూక్ ఇంట్లో నాటకానికి ఈ బాధ లేదు. డబ్బు తీసుకోలేదు కాబట్టి చట్టం పట్టించుకోదు. అదే వేషం, అదే డైలాగ్. జీతం తీసుకుంటే కూలి, తీసుకోకపోతే సరదా.

అలాంటి రోజుల్లో సిడన్స్ ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. రాజు గారి పిల్లలకి ఇంగ్లీషు చదివి వినిపించే పని కూడా ఇచ్చారు. పెద్దింటి మనిషిగా కనపడటం ఆవిడకి సోకు కాదు, రక్షణ. పిల్లలున్నారు, సంపాదన అంతా ఆవిడదే, భర్త విలియం సిడన్స్ నటుడిగా అంతంతమాత్రం.

నిక్కచ్చి:
ఆవిడకి లాభం అయితే బొమ్మ గొప్పదైపోదు కదండీ. సంఘంలో మర్యాద కావాలని గీయించుకున్న బొమ్మ, బాగా తీసిన పాస్‌పోర్టు ఫోటో అవుతుంది.

వెన్నెల గది:
పాస్‌పోర్టు ఫోటోలో అందంగా పడ్డవాళ్లని నేనింకా చూడలేదు :)

బొగ్గుపుల్ల:
లారెన్స్ కూడా చిన్నప్పుడు సిడన్స్ బొమ్మలు గీశాడట కదా?

థేమ్స్ గట్టు:
గీశాడు. లారెన్స్ తండ్రికి డివైజెస్ అనే ఊళ్లో 'బ్లాక్ బేర్' అనే సత్రం ఉండేది, లండన్ నుంచి బాత్ వెళ్లే దారిలో. దిగిన ప్రయాణికులకి పిల్లాడి చేత పద్యాలు చెప్పించి, పెన్సిల్ బొమ్మలు గీయించి మురిసిపోయేవాడు. 1780లో రచయిత్రి ఫానీ బర్నీ అక్కడ దిగినప్పుడు ఈ పిల్లాడి గురించి డైరీలో రాసుకుంది. తర్వాత సత్రం దివాలా తీస్తే కుటుంబం బాత్ చేరింది. ఇల్లు గడిచింది 12, 13 ఏళ్ల పిల్లాడి పాస్టెల్ ఓవల్స్ మీద. అప్పుడే సిడన్స్ బాత్ స్టేజి మీద వేస్తోంది. పాత్రల వేషాల్లో ఆవిణ్ణి గీశాడు.

ఆ పరిచయం ఆవిడ కుటుంబానికి మంచి చేయలేదు. పెద్దయ్యాక లారెన్స్ మొదట ఆవిడ కూతురు శాలీని ఇష్టపడ్డాడు, తర్వాత చెల్లెలు మరియా అన్నాడు, మళ్లీ శాలీ అన్నాడు. మరియా 1798లో జబ్బుతో పోయింది. పోయే ముందు, అతన్ని చేసుకోనని అక్క దగ్గర మాట తీసుకుంది. శాలీ చేసుకోలేదు, 1803లో ఆమె కూడా పోయింది. 1804లో లారెన్స్ వేసిన సిడన్స్ నిలువెత్తు చిత్రం టేట్‌లో ఉంది. ఇద్దరు కూతుళ్లని పోగొట్టుకున్న తల్లి ఆ మనిషి ముందు ఎలా నిలబడిందో నాకు అర్థం కాదు.

మోడరేటర్:
లారెన్స్ ప్రేమకథ మీద వచ్చిన మెసేజ్‌లు కొన్ని తీసేశాను. ఆసక్తి ఉంటే వేరే చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ డ్రాయింగ్ గురించే.

కాకినాడ తీరం:
డ్రాయింగ్ గురించే, కాకపోతే మన వైపు నుంచి. తెరవెనుక గారు చెప్పిన కొడుకు జార్జ్ సిడన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి బెంగాల్ వచ్చాడు, కలకత్తాలో ఉద్యోగం చేశాడు.

అంతకంటే దగ్గరి లంకె ఇంకోటుంది. థామస్ హికీ అనే ఐరిష్ చిత్రకారుడు లండన్ నటి మిసెస్ అబింగ్టన్‌ని పాత్ర వేషంలో వేశాడు. ఆయనే తర్వాత ఇండియాకి వచ్చి, 1799లో టిప్పు ఓడిపోయాక మద్రాసులో కంపెనీ ఆఫీసర్ల ముఖాలు చాక్‌తో వరసగా గీశాడు. 1816లో కాలిన్ మెకంజీ బొమ్మ వేసింది కూడా హికీయే. కైఫీయత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, చదివినవాళ్లకి వాటిని సేకరించిన మెకంజీ తెలుసు, ఆయన వెనక పనిచేసిన ఏలూరు కావలి సోదరులూ తెలుసు. ఆ పెయింటింగులో మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు ఉంటారు. నటిని వేసిన చేత్తోనే మన కైఫీయత్తుల మెకంజీని వేశాడు!

హికీ చాక్ ముఖాలు డౌన్‌మాన్ వాటి పక్కన పెట్టి చూడండి. హికీ ఆఫీసర్లు ఒక్కొక్కరు ఒక్కోలా ఉంటారు. ఒకడికి గడ్డం కింద మడత, ఒకడికి ఎండకి కమిలిన ముక్కు.

నిక్కచ్చి:
ధన్యవాదాలు. నా పక్కన ఒకరు నిలబడ్డారు.

పాత కాపు:
హికీ గీసింది తర్వాత యుద్ధం పెయింటింగుల్లో ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి. అక్కడ తేడాలే కావాలి. డౌన్‌మాన్ పని వేరు. పని వేరైతే కొలత కూడా వేరే ఉండాలి.

డ్రాయింగ్ మాస్టారు:
నిక్కచ్చి గారి మాటలో సగం ఒప్పుకుంటాను. డౌన్‌మాన్‌కి ఒక ఫార్ములా ఉంది, కాదనలేం. కానీ ఫార్ములా ఎందుకు పుట్టిందో కూడా చూడాలి. ఈ బొమ్మల్ని స్టిపిల్ పద్ధతిలో ప్రింట్లు వేసేవాళ్లు. రాగిరేకు మీద గీతలు కాకుండా సన్నటి చుక్కలతో నీడలు తెప్పించే పద్ధతి అది. బార్టొలొజ్జి లాంటి పేరున్న చెక్కుడు పనివాళ్లు డౌన్‌మాన్ బొమ్మలకి ప్రింట్లు తీశారు. స్టంప్‌తో రుద్దిన మెత్తటి నీడ చుక్కల్లోకి తేలిగ్గా దిగుతుంది. అదే రేనాల్డ్స్ పెయింటింగులోని గాఢమైన చీకటికి మెజోటింట్ బాగా నప్పుతుంది, రేకంతా గరుకు చేసి వెలుతురు కావాల్సినచోట నునుపు చేసే పద్ధతి అది. ప్రింటు షాపు కిటికీలో వేలాడే బొమ్మ చిన్నదిగా, లేతగా, చవగ్గా ఉండాలి. అదంతా కాగితం మీద చాక్ పెట్టేటప్పుడే ఆయన బుర్రలో ఉండి ఉంటుంది. సిడన్స్ నాటకం చూడ్డానికి వెళ్లలేని ఇంట్లో కూడా గోడకి ఒక ముఖం ఉండేది.

ఆయనలో అసలు చెయ్యి చూడాలంటే పోర్ట్రెయిట్లు వదిలేయండి. 1774 ప్రాంతంలో ఇటలీలో, నేమి చెరువు దగ్గర, టివోలీలో గీసిన చెట్ల వాటర్‌కలర్స్ చూడండి. పాత మొదళ్లు, మెలికలు తిరిగిన వేళ్లు, తొర్రలు. ఎవర్నీ మెప్పించే పని లేదక్కడ. ఈరోజు ఆ చెట్లని మెచ్చుకునే పండితులు ఉన్నారు. ఆ చెట్టు మొదలు అలా చూడగలిగినవాడు మనిషి ముఖం చూడలేక వదిలేశాడంటే నేను నమ్మను. చూశాడు. చూసి, వద్దనుకున్నాడు.

నిక్కచ్చి:
చెట్లు ఇప్పుడే చూశాను. మాస్టారూ, అవి నిజంగా బాగున్నాయి. దాంతో కోపం ఇంకా పెరిగింది. చేతకానివాడైతే క్షమించొచ్చు.

బొగ్గుపుల్ల:
థేమ్స్ గట్టు గారూ, సిడన్స్ డ్రాయింగ్‌ని నేరుగా చూడొచ్చా? మా తమ్ముడు లండన్ వెళ్తున్నాడు, ఫోటో తీసుకురమ్మంటాను.

థేమ్స్ గట్టు:
గోడ మీద ఉంటుందని లెక్కేసుకుని పంపకండి. కాగితం మీద పనులకి వెలుతురు పడదు. మ్యూజియంలు వీటిని 50 లక్స్ దగ్గర, అంటే బాగా మసక వెలుతురులో, అది కూడా కొన్ని నెలలే బయట పెట్టి మళ్లీ పెట్టెలో పెట్టేస్తాయి. ముందుగా రాసి అపాయింట్‌మెంట్ అడగమనండి, ఎందుకు చూడాలనుకుంటున్నారో రెండు ముక్కలు రాస్తే చాలు. గెయిన్స్‌బరో సిడన్స్ మాత్రం నడిచి వెళ్లే దూరంలో నేషనల్ గ్యాలరీలో ఉంది, టికెట్ లేదు. రేనాల్డ్స్‌ది కాలిఫోర్నియాలో హంటింగ్టన్‌లో ఉంది, దానికి అమెరికాలో ఉన్న తమ్ముడు కావాలి.

డ్యూక్ గారి ఇంటి కోసం మాత్రం వెతకొద్దనండి. 1791 డిసెంబర్‌లో కాలిపోయింది.

వెన్నెల గది:
ఇంత మాట్లాడాం, ఆవిడ తన ముఖం గురించి తనేమనుకుందో ఎవరూ చెప్పలేదు. సిడన్స్‌కి మట్టితో బొమ్మలు చేయడం వచ్చు. డ్యూక్ నాటకంలో వేసిన ఆన్ డేమర్, ఆ శిల్పి, ఈవిడకి మంచి స్నేహితురాలు. 1789 ప్రాంతంలో సిడన్స్ ఆ పనిలో పడి చాలా సమయం గడిపింది. తన ముఖాన్నే చేసుకుందని చెప్పే ప్లాస్టర్ బస్ట్ ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. డౌన్‌మాన్ కాగితం మీద మెత్తబరిచిన ముఖాన్ని, రెండు మూడేళ్లకే ఆవిడ తన చేత్తో తడిమి చేసుకుంది.

నిక్కచ్చి:
ముక్కు ఎలా ఉంది అందులో?

వెన్నెల గది:
ఉన్నంత ఉంది.

పాత కాపు:
ఆన్ డేమర్ గురించి వేరే చర్చ మొదలుపెట్టండి ఎవరైనా. ఆడమనిషి ఆ రోజుల్లో పాలరాయి చెక్కి, సాయంత్రం నాటకం వేసి... ఆవిడ కథ ఇందులో ఇరికిస్తే మోడరేటర్ గారు మళ్లీ కత్తెర పడతారు.